పెద్దంటూ లేని ఇల్లు

ఫిబ్రవరి 4

అక్కా,

ఫోన్ చేస్తే "ఆఫీసులో ఉన్నాను, ఏదైనా ఉంటే ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ఆదివారం చేసినా అదే మాట. మాటలు పోగేసే ఉద్యోగం చేస్తూ మాట్లాడటానికి ఇంత బద్ధకం ఏమిటో నాకు అర్థం కాదు. సరే, నువ్వన్నట్టే రాస్తున్నాను. నింపాదిగా చదువుకో, జవాబు మాత్రం నింపాదిగా రాయకు.

మేం బాగానే ఉన్నాం. షాపులో రోజంతా కళ్లజోళ్ల అద్దాలు అరగదీసి నా వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి. నీ మరదలు స్కూల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, ఇంటికొచ్చాక నాతో సైగలతో మాట్లాడుతోంది. ఆ విధంగా ఇంట్లో ప్రశాంతంగా ఉంది.

అసలు సంగతికొస్తాను. నిన్న మా మెట్ల పక్క గోడకి కార్పొరేషన్ వాళ్లు ఒక కాగితం అంటించి పోయారు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ఈ భవనమునకు యజమాని గాని, సంఘము గాని, బాధ్యుడైన పెద్ద గాని లేనందున ఇందు అరాచకము నెలకొని ఉన్నదని నిర్ధారణ అయినది. కావున నివాసులు ఖాళీ చేయవలెను."

మా బిల్డింగు సంగతి నీకు పూర్తిగా తెలీదు, ఎప్పుడైనా వస్తే కదా. ఓనరు పోయాక ఆయన కొడుకులిద్దరూ నాదంటే నాదని కోర్టుకెక్కారు. మా అద్దెలు కోర్టులో కడుతున్నాం. వాచ్‌మన్ జీతం ఇచ్చే దిక్కులేక వెళ్లిపోయాడు. అప్పటినుంచి మాకు పెద్దంటూ ఎవరూ లేరు. మీటింగుల్లేవు, సెక్రటరీ లేడు, గోడ మీద రూల్సు లేవు. మొదట్లో భయపడ్డ మాట నిజమే, తర్వాత అదే అలవాటైపోయింది. పొద్దున ముందు లేచినవాళ్లు పంపు వేస్తారు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ గుమ్మం పక్కనే ట్యాంకు. మేమంతా ఆవిడని పైమామ్మ అంటాం. నిండగానే "నిండిందర్రా, కట్టండర్రా" అని మెట్లలోకి వంగి కేక పెడుతుంది. ఎవరు వింటే వాళ్లు పంపు కట్టేస్తారు. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు. ఇంకో అలవాటు కూడా పడింది: మా ఇంట్లో ఎవరూ ఖాళీ చేతుల్తో మెట్లు దిగరు. దారిలో ఏ గుమ్మం ముందు చెత్త సంచి కనపడినా పట్టుకుపోతారు. అది ఎవరిదని అడగడం మా దగ్గర మర్యాద కాదు.

దీన్ని పట్టుకుని అరాచకం అంటే ఒళ్లు మండదా? రాజు లేకపోవడం అనేగా ఆ మాట పుట్టుక? రాజు లేడు, ఒప్పుకుంటాం. గందరగోళం ఎక్కడుంది? నువ్వు నిఘంటువు ఆఫీసులో ఉన్నావు. ఆ మాటకి అసలు అర్థం ఇదీ అని మీ ఆఫీసు కాగితం మీద రాసి, స్టాంపు కొట్టి పంపు. దాన్ని తీసుకెళ్లి ఆ ఆఫీసరు బల్ల మీద పెడతాను.

ఈ ఇల్లు పోతే మా ఇద్దరి జీతాలకి ఈ ఊళ్లో ఇంకోటి దొరకదు. పైమామ్మకైతే ఏ ఊళ్లోనూ దొరకదు. అంత వయసున్న ఒంటరి మనిషికి ఇల్లిచ్చేవాళ్లెవరు?

నీ జవాబు కోసం చూస్తూ,
తమ్ముడు


ఫిబ్రవరి 15

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. బద్ధకం అన్నావు చూడు, ఆ ఒక్క మాటా సరిగ్గా వాడావు. ఉద్యోగంలో చేరినప్పుడు 'అ' దగ్గర కూర్చోబెట్టారు, జుట్టు నెరిసినా 'అ' దగ్గరే ఉన్నాను. 'ఆ' ఎప్పుడొస్తుందమ్మా అని ఎవరైనా అడిగితే నవ్వడం కూడా మానేశాను. ఈ మధ్య చిన్న అక్షరాలు రెండేసి కనపడుతున్నాయి. సాయంత్రానికి మనిషితో మాట్లాడాలంటే నోరు తెరవడానికి ఓపిక ఉండదు. ఫోన్ వెంటనే పెట్టేసేది అందుకే, నీ మీద కోపంతో కాదు.

మా పనేమిటో నీకు ఇన్నేళ్లయినా పట్టుబడలేదు. ఒక మాటకి అర్థం ఇలా ఉండాలి అని మేం చెప్పం. జనం ఎలా వాడుతున్నారో పుస్తకాల్లోంచీ పేపర్లలోంచీ ఏరి, ఒక్కో వాక్యం ఒక్కో కార్డు మీద అంటించి, ఆ కార్డులు చూసి అర్థం రాస్తాం. అచ్చులో కనీసం మూడుచోట్ల దొరక్కపోతే ఆ అర్థం మాకు లేనట్టే. ఇది మా ఆఫీసు పెద్దాయన పెట్టిన నియమం, ఆయన కుర్చీలో ఉన్నంతకాలం చెరగదు.

నీ ఉత్తరం చదివాక అరాచకం కార్డులు తీసి చూశాను. సగానికి పైగా 'అరాచక శక్తులు'. ఊరేగింపులో ఎవడో ఒక రాయి విసిరితే చాలు, తెల్లారేసరికి పేపర్లో అరాచక శక్తులు చొరబడిపోతాయి. మిగిలిన వాటిలో చాలావరకు 'అరాచక పాలన'. దీని సంగతి చూడు. రాజు లేకపోవడం అని పుట్టిన మాట, దాన్ని ఇప్పుడు రాజుని తిట్టడానికే వాడుతున్నారు! మొన్న బస్సులో నా వెనక సీటు కుర్రాళ్లు "ఆ పాట అరాచకం మామా" అనుకుంటున్నారు. అంటే బ్రహ్మాండంగా ఉందని. నాకు ముచ్చటేసింది గానీ అచ్చులో లేదు కాబట్టి కార్డు రాయలేదు. నువ్వు చెప్పే అర్థం పాత కావ్యాల్లో ఉంది. అక్కడ కూడా రాజు పోగానే దొంగలు పడ్డారు, వానలు ఆగిపోయాయి అనే రాశారు. రాజు లేని ఊళ్లో జనం చక్కగా బతికారని ఒక్కడూ రాయలేదు. రాసేవాళ్లకి అన్నం పెట్టింది రాజులే కదా.

అందుకని స్టాంపు కొట్టి పంపలేను. పంపితే ఉన్నది రాయాలి, ఉన్నది రాస్తే ఆ ఆఫీసరే గెలుస్తాడు. నా మాట విని ఆ పదంతో పోట్లాట పెట్టుకోకు. వాళ్లకి కావలసింది ఒక పేరు. సంఘం పెట్టుకున్నామని ఒక కాగితం రాసి, అధ్యక్షుడు అన్నచోట నీ పేరు రాసి పడెయ్. వాళ్లు ఫైలు మూసేసుకుంటారు. కాగితం మీద నువ్వు అధ్యక్షుడివైతే మీ మెట్ల మీద మారేదేముంది?

మరదలి గొంతు జాగ్రత్త. వేడి నీళ్లు పుక్కిలించమను.

ఓపిక తక్కువైన,
అక్క


మార్చి 1

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు ఆ సంగతి రాసి, తర్వాత నా మనసులో ఉన్నది రాస్తాను.

షాపుకి సెలవు పెట్టి కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్లాను. "మాకు సంఘం ఉందండీ, నేను అధ్యక్షుణ్ణి" అనగానే ఆ ఆఫీసరు మొహం వెలిగిపోయింది. అంతవరకు నన్ను నిలబెట్టినవాడు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "ఇన్నాళ్లూ ఈ మాట చెప్పరేం సార్" అని నా చేత మూడుచోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. ఖాళీ చేసే గడువు పొడిగించాడు. ఇంత సులువుగా పనైపోతే నాకెందుకో భయమేసింది. అయినా నువ్వు చెప్పావు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నీ మరదలు మొదట అడిగింది ఒక్కటే. "అందర్నీ అడిగారా?"

"అడగడానికేముంది, కాగితం మీద సంగతే కదా" అన్నాను.

"అడగలేదన్నమాట" అని ఊరుకుంది. అప్పటికి గొంతు వచ్చేసింది మరి.

మర్నాటికల్లా బిల్డింగంతా పాకింది. కింద అంతస్తు టైలరు నన్ను చూసి మిషను ఆపి లేచి నిలబడ్డాడు. "ప్రెసిడెంటు గారూ, కొలతలిస్తారా, సూటు కుడతాను" అన్నాడు. నవ్వాను. మా ఎదురింటి నర్సు నవ్వలేదు. ఆ సాయంత్రం ఎవరిదో చెత్త సంచి నా గుమ్మం ముందు పెట్టి ఉంది. మర్నాడు రెండు పెట్టారు. ఏమిటని అడిగితే మూడో అంతస్తు ఆయన "అధ్యక్షుడి దగ్గర పెడితే ఏర్పాటు చేస్తారు కదా అని" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇక మనసులో మాట. నిజం రాస్తే ఆఫీసరే గెలుస్తాడన్నావు. అంటే నీ దృష్టిలో కూడా మాది అలాంటి ఇల్లేనన్నమాట. అందుకేనా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా గడప తొక్కలేదు? సెలవుల్లేవు, కళ్లు బాగాలేవు అంటావు. మా ఇల్లు నీకు నామోషీ అని సూటిగా చెప్పేస్తే నేనేమీ అనుకోను.

అనుకుంటాను. అబద్ధం ఎందుకు రాయాలి?

తమ్ముడు


మార్చి 9

అధ్యక్షుల వారి సముఖానికి, కార్డులు అంటించుకునే అక్క రాయునది,

పదవి వచ్చి నెల తిరక్కుండానే కోపం కూడా వచ్చిందే! కుర్చీ వేశారు, టీ ఇచ్చారు అని రాసిన తీరు చూస్తే కాస్త రుచి తగిలినట్టే ఉంది. చెత్త సంచుల సంగతి దానికదే సర్దుకుంటుంది. జనానికి కొత్త వేడుక, రెండు రోజులు ఆడుకుంటారు.

నామోషీ అన్న మాటకి జవాబు రాయను. జనం ఆ మాటని ఎలా వాడతారో రాశాను గానీ, నీ ఇల్లు ఎలాంటిదో రాయలేదు. చదివినదాన్ని సరిగ్గా చదవడం కూడా ఒక పనే.

ఒకటి మాత్రం నీకు చెప్పకుండా ఉండలేను. మొన్న పాత పేపర్ల కట్ట ఒకటి నా బల్ల మీదకి వచ్చింది. అందులో మీ ఊరి వార్తల్లో ఒక వాక్యం: "పెద్ద దిక్కు లేని ఆ నాలుగంతస్తుల భవనం అరాచకానికి చిరునామాగా మారింది." వీధి పేరు చూశాను, మీదే. కార్పొరేషన్ వాళ్లు చెప్పింది ఆ విలేకరి మక్కికి మక్కి దించేశాడని చూస్తేనే తెలుస్తోంది. కానీ వాక్యం శుభ్రంగా ఉంది, మాట సరిగ్గా పడింది. కత్తిరించి కార్డు మీద అంటించాను. ఉదాహరణగా పనికొస్తుందని పెద్దాయన దాని మీద టిక్కు పెట్టారు.

ఎందుకు చెబుతున్నానంటే, ఒక మాట ఎలా ఒకవైపే ఒరిగిపోతుందో నీకు అర్థమవుతుందని. బాధ పెట్టాలని కాదు.

అక్క


మార్చి 27

అక్కా,

నమస్కారాలూ కుశల ప్రశ్నలూ రాసే స్థితిలో లేను. జరిగింది వరసగా రాస్తాను.

చెత్త సంచుల సంగతి దానికదే సర్దుకోలేదు. అందరూ ఖాళీ చేతుల్తో మెట్లు దిగడం మొదలుపెట్టారు. వాళ్లని అనడానికేం లేదు. నేనున్నాను కదా, అధ్యక్షుణ్ణి. పంపు వేయాలంటే నా తలుపు కొట్టేవాళ్లు. "వేయమంటారా?" అని అడిగేవాళ్లు. బల్బు పోతే నా తలుపు, పై ఇంటి పిల్లలు గెంతితే నా తలుపు. షాపునుంచి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఎవరో ఒకరు గుమ్మంలో ఉండేవాళ్లు. మెట్ల మీద సంచులు పేరుకున్నాయి. నేను గోడ మీద ఒక కాగితం అంటించాను, ఎవరు ఏ రోజు ఏం చేయాలో రాసి. కార్పొరేషన్ కాగితం పక్కనే అంటించాను. ఎవరూ చదవలేదు. ఒకరోజు నర్సుని ఆపి "మీ వంతు మర్చిపోయారా" అని గట్టిగా అడిగాను. ఆవిడ రెండు డ్యూటీలు వరసగా చేసి వస్తోంది. నా మొహం కూడా చూడకుండా పైకి వెళ్లిపోయింది.

తనిఖీకని ఆఫీసు మనిషి ఒకాయన వచ్చాడు. ఆయన మెట్ల మీద ఉండగా పైమామ్మ "నిండిందర్రా, కట్టండర్రా" అని కేక పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. పైకి వెళ్లి, ఆయన వినేలా, "మామ్మగారూ, సంఘం పెట్టుకున్నాక ఇంకా ఈ కేకలేమిటి? ఒక పద్ధతి ఉండాలి కదా. ఏదైనా ఉంటే కిందకొచ్చి నాకు చెప్పండి" అన్నాను. ఆవిడ నా వంక చూసి "అలాగే నాయనా" అంది.

ఆ తర్వాత ఆవిడ కేక పెట్టలేదు. సోమవారం పంపు ఎవరో వేశారు. కట్టమని చెప్పేవాళ్లు లేరు. ట్యాంకు పొంగి నీళ్లు మెట్లమ్మట కారాయి. చివరికి మోటారు కాలిపోయింది. ట్యాంకు నిండిందని నాకు చెప్పడానికి పైమామ్మ ఆ తడి మెట్ల మీద, ఆ సంచుల మధ్య దిగింది. నేనే కదా దిగి చెప్పమన్నాను. మూడో అంతస్తు మలుపులో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నేను షాపులో ఉన్నాను. టైలరూ ఇంకో ఇద్దరూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారట. ఆస్పత్రిలో మంచం దొరికిందంటే అది నర్సు చలవే.

ఇంతటితో అయిపోలేదు. నిన్న ఆఫీసరు నన్ను పిలిపించాడు. మోటారు కాలడం, మనిషి పడటం రెండూ రాసి, నివాసయోగ్యం కాదు, నెలలోగా ఖాళీ చేయాలి అని నోటీసు తయారుచేశాడు. పైన "అధ్యక్షునకు" అని ఉంది. "మీరు సంతకం పెట్టి తీసుకుంటే చాలు సార్, అందరికీ ఇచ్చినట్టే. మీరు లేకపోతే ఇంటింటికీ విడివిడిగా నోటీసులు, విడివిడిగా విచారణలు. మేం ముసలాళ్లమైపోయేవాళ్లం" అని నవ్వాడు. అప్పుడు తెలిసింది ఆ టీ ఎందుకు ఇచ్చాడో. కాగితం పట్టుకోవడానికి వాళ్లకొక చెయ్యి కావాలి, నా చెయ్యి నేనే ఇచ్చాను. ఒంట్లో బాగాలేదని చెప్పి సంతకం పెట్టకుండా వచ్చేశాను. వచ్చే నెల పద్దెనిమిదో తారీకున వాళ్లే ఇంటికొచ్చి ఇస్తారట.

పెద్ద లేనన్నాళ్లూ మా ఇల్లు బాగుంది. నేను పెద్దనైన రోజునుంచి వాళ్లు రాసినట్టే తయారైంది. ఇప్పుడు నీ కార్డు మీది వాక్యం నిజమే, సంతోషించు. దాన్ని నీ చేత్తోనే అంటించావా అక్కా? నీ తమ్ముడి ఇల్లని తెలిసి కూడా?

నీ మరదలు నాతో మాట్లాడటం లేదు. ఈసారి గొంతు బాగానే ఉంది.

తమ్ముడు


ఏప్రిల్ 3

చిన్నోడా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

పేరు రాసి పడెయ్ అన్నది నేను. మారేదేముంది అన్నదీ నేనే. కూర్చున్న చోటినుంచి కదలకుండా, మీ మెట్లు ఎలా ఉంటాయో కూడా చూడకుండా అన్నాను. విసుగులో ఉన్న మనిషి ఎదుటివాళ్ల కష్టం తొందరగా తెమిలిపోవాలని చూస్తుంది. నేను నీకు సలహా ఇవ్వలేదు, నిన్ను వదిలించుకున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

అధ్యక్ష పదవి రుచి తగిలిందని ఎగతాళి కూడా చేశాను. నువ్వు అన్నం కూడా తినలేకపోతున్నావని నాకు తోచలేదు.

ఆ కార్డు తీసేద్దామని డ్రాయరు తెరిచాను. తీశాను, మళ్లీ పెట్టేశాను. ఒకరి కోసం ఒక కార్డు తీస్తే ఆ డ్రాయరులో ఇక ఏ కార్డునీ నమ్మక్కర్లేదు. నన్ను తిట్టుకో, పరవాలేదు. దానికి బదులు నీ మొదటి ఉత్తరం పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. చెత్త సంచి ఎవరిదని అడగడం మా దగ్గర మర్యాద కాదు అని రాశావే, ఆ ముక్క చదివి వినిపించాను. ఈ మాటకి ఇన్నేళ్లలో నాకు దొరికిన మంచి ఉదాహరణ ఇదొక్కటేనండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బాగుందమ్మా. కానీ ఉత్తరాలు చెల్లవు కదా" అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. అలిసిపోయిన మనిషి, నాలాగే.

ఏం చేయమంటావని అడుగుతావేమో. ఈసారి చెప్పను. ఒక్కటే గుర్తొస్తోంది, మరదలు మొదటిరోజు అడిగిన ప్రశ్న. దాన్ని నేను కూడా నిన్ను అడగలేదు.

మామ్మగారికి ఎలా ఉందో రాయి. నాకు ఆవిడ ఏమీ కాదు గానీ, మూడు రోజులుగా ఆవిడే గుర్తొస్తోంది.

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే ఇంటింటికీ వెళ్లాను. నాలుగో అంతస్తునుంచి మొదలుపెట్టి కిందిదాకా ప్రతి తలుపూ కొట్టాను. మిమ్మల్ని అడక్కుండా మీ అందరి తరఫున సంతకం పెట్టాను, దానివల్ల ఇంత జరిగింది, పద్దెనిమిదిన నోటీసు వస్తోంది అని చెప్పాను. అక్క చెప్పిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. సంతకం నాది. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు గుమ్మంలోనే విన్నారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. టైలరు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ అంతా విని, "సరే వెళ్లండి" అన్నాడు.

పద్దెనిమిదిన ఆఫీసరు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. ఏం చెప్పాలో ముందురోజంతా అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే టైలరు బయటికొచ్చాడు, మెడలో టేపు అలాగే ఉంది.

"ఎవరు కావాలి సార్?"

"మీ అధ్యక్షుడు."

"మాకెవరూ లేరు సార్."

ఆఫీసరు నన్ను చూపించాడు. "ఈయన?"

టైలరు నా వంక ఎగాదిగా చూశాడు, అప్పుడే చూస్తున్నట్టు. "ఈయనా? కళ్లజోళ్ల షాపాయన. రెండో అంతస్తులో ఉంటారు. మా ఇంట్లో ఎవరి మాటా ఎవరూ వినరు సార్, ఈయన మాట అసలే వినం."

అప్పటికి నర్సు సగం మెట్లు దిగి ఉంది. "ఎన్నుకున్నామంటున్నారు కదా, మా సంతకాలేవి సార్? ఒక్కటి చూపించండి" అంది. మెట్లనిండా మనుషులు చేరారు. అందరూ నేనెవరో తెలియనట్టే ఉన్నారు. నీ మరదలు కూడా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా పరువు తీస్తున్నారు, నన్ను కాపాడుతున్నారు, రెండూ ఒకేసారి.

ఆఫీసరుకి చిర్రెత్తింది. "అయితే ఈ బిల్డింగులో బాధ్యులెవరయ్యా?" అని అరిచాడు.

టైలరు నిజంగానే అర్థం కాక అడిగాడు. "దేనికి సార్? పంపుకా, మెట్లకా, మామ్మగారికా?"

నేను ముందుకెళ్లి, అందరి తరఫున అని రాసింది అబద్ధం, నన్నెవరూ ఎన్నుకోలేదు అని చెప్పాను. తప్పుడు ప్రకటన ఇచ్చినందుకు నా మీద విడిగా ఒక కాగితం వస్తుందట. అది ఒక్కటీ నిజంగా నా పేరు మీదే రావాలి, రానీ. మిగతావి ఇంటింటికీ రాసి తెస్తామని వెళ్లిపోయారు. తెస్తారు. మళ్లీ మళ్లీ వస్తారు. ఒక్కో ఇంటి మీద ఒక్కో విచారణ. ముందు వాళ్లు అలిసిపోతారో, మేం అలిసిపోతామో తెలీదు. గెలిచామని నాకనిపించడం లేదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాం, అంతే.

నన్ను క్షమించామని కూడా ఎవరూ అనలేదు. కాకపోతే నిన్న నేను ఆస్పత్రినుంచి పైమామ్మని తీసుకొచ్చేసరికి కింద అంతస్తులో టైలరు ముందుగది ఖాళీగా ఉంది. మిషన్లు నాలుగో అంతస్తుకి చేరిపోయాయి. మామ్మ మంచం, బీరువా, దేవుడి పటాలు అన్నీ కిందకి దిగిపోయాయి. ఇక ఆవిడ మెట్లెక్కలేదు కదా. ఎవరు చెప్పారు అని టైలర్ని అడిగాను. ఆ ప్రశ్నకి నన్ను వింతగా చూశాడు. "ఎవరు చెప్పాలి?" అన్నాడు.

మామ్మ నాతో అన్న మొదటి మాట "ఇక్కడ్నించి ట్యాంకు చప్పుడు వినపడదురా." నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశాను. "ఊరుకో, నీ ఏడుపు కూడా సరిగ్గా వినపడట్లేదు" అంది.

ఆవిడ్ని లేపి కూర్చోబెట్టాలంటే మనిషి కావాలి. నర్సుకి డ్యూటీలు, నీ మరదలికి స్కూలు, నాకు షాపు. ఎవరికి వీలైతే వాళ్లు చూస్తున్నాం. మధ్యాహ్నాలు మాత్రం ఆవిడ ఒక్కతే ఉండాల్సి వస్తోంది. నొప్పి అంటే ఇబ్బంది పెట్టినట్టవుతుందని పళ్లు బిగబట్టి పడుకుంటుందని నర్సు చెప్పింది.

నీ మీద కోపం లేదు. ఉండేది, ఇప్పుడు దాన్ని మోసే ఓపిక లేదు.

తమ్ముడు


ఏప్రిల్ 28

చిన్నోడా,

అరాచకం అచ్చుకి వెళ్లిపోయింది. మొదటి అర్థం: అల్లకల్లోలం, దౌర్జన్యం. రెండో అర్థం: రాజు లేని స్థితి, పక్కన ప్రాచీన వాడుక అని గుర్తు. ఉదాహరణ మీ ఇల్లే. నేను చేయగలిగిందేమీ లేకపోయింది. ఇంకో ముద్రణ వచ్చేదాకా ఆ పుస్తకం తెరిచినవాళ్లందరికీ మీ ఇల్లు అలాగే కనపడుతుంది. ఇది నీకు నేను చెప్పాలి, ఇంకెవరి దగ్గరా వినకూడదు.

నీ ఉత్తరం చదివి, మిగిలిన సెలవులన్నీ ఒక్కసారే కావాలని పెద్దాయనకి చెప్పాను. ఆయన కంగారుపడ్డారు.

"ఎవరికమ్మా బాగాలేదు?"

"మా తమ్ముడి ఇంటి కింద అంతస్తులో ఒక పెద్దావిడకండీ."

"మీకేమవుతారు?"

"ఏమీ కారండీ."

"మరి మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదండీ" అన్నాను. అలా అంటుంటే చాలాకాలం తర్వాత నా గొంతు నాకే బాగుంది.

శనివారం పొద్దున దిగుతాను. మధ్యాహ్నాలు నావి.

అక్క